హైదరాబాద్–డాలస్: గడియారం చూపేది పదకొండున్నర గంటలు, ప్రయాణం ఇరవై మూడు

మీరు అడిగింది: శంషాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు, మొదటిసారి వెళ్తున్న అమ్మానాన్నలకి ఏ టికెట్ మంచిది అని.

గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే దాదాపు 14,400 కి.మీ. ఆ దారం పడమరకి పోదు, ఇంచుమించు నిటారుగా ఉత్తరానికి వెళ్లి ధ్రువం పక్కనుంచి అవతలికి దిగుతుంది. కానీ ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900, మొత్తం 15,450 కి.మీ. అంటే చుట్టు తిరుగుడు వెయ్యి కి.మీ. పైచిలుకే, విమానానికి గంటా గంటంబావు పని. టైము తినేది దూరం కాదు, మధ్యలో ఆగడం.

లెక్క ఇలా వేయండి. సోమవారం తెల్లవారుజామున 4:00కి ఇక్కడ బయలుదేరారనుకుందాం. నాలుగు గంటల్లో దుబాయ్, అక్కడి టైము 6:30. మూడు గంటలు ఆగి 9:30కి రెండో విమానం, పదహారు గంటలు. చలికాలంలో డాలస్‌లో దిగేసరికి అదే సోమవారం మధ్యాహ్నం 3:30. గడియారం ప్రకారం పదకొండున్నర గంటలు. దానికి టైము తేడా ఇంకో పదకొండున్నర కలిపితే అసలు సంగతి, 23 గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా పదిన్నరే. వచ్చేటప్పుడు కలపడం కాదు, తీసేయాలి. పైగా పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డాలస్–దుబాయ్ గంటో గంటన్నరో తగ్గుతుంది.

దుబాయ్‌లో రెండున్నర నుంచి నాలుగు గంటల గ్యాప్ ఉన్న టికెట్ చూడండి. గంటన్నర గ్యాప్ చౌకగా కనిపిస్తుంది గానీ మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే పెద్దవాళ్లు పరిగెత్తాలి. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే పెట్టించండి.

న్యూయార్కో చికాగోనో మీదుగా వెళ్లే టికెట్లు నా లెక్కలో వాళ్లకి వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ఉంటుంది. సామాను ట్యాగ్ మీద డాలస్ అని ఉన్నా అక్కడ బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, సెక్యూరిటీ లైన్లో నిలబడాలి. దానికి మూడు గంటలైనా ఉండాలి. ఇక రెండు కంపెనీల్లో విడివిడిగా కొన్న టికెట్లయితే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోవాళ్లకి పట్టదు. కొత్త టికెట్ డబ్బు మీదే.

చాలామంది బోల్తా పడేది తేదీ దగ్గర. టికెట్ మీద 15వ తేదీ 2:00 (అంటే అర్ధరాత్రి దాటాక రెండు) అని ఉంటే 14 రాత్రి పదకొండింటికల్లా శంషాబాద్‌లో ఉండాలి. చెకిన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. కూకట్‌పల్లి నుంచైతే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పట్టుకున్నా గంటన్నర చేతిలో పెట్టుకోండి. అంటే 14న రాత్రి తొమ్మిదిన్నరకి క్యాబ్ గుమ్మంలో ఉండాలి.