బాస్కెట్‌బాల్ కెరీర్: మొదటి కాంట్రాక్టు కన్నా రెండోదే గట్టి మెట్టు

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. స్కూలు టీమ్‌లో టాప్ స్కోరర్. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ప్లేయర్‌నే అవుతానని పట్టుబడుతున్నాడు. ఏ వయసుకు ఏ మెట్టు ఎక్కాలి? వచ్చే ఏడాది చదువు మాన్పించి అకాడమీలో వేయమని కొందరు సలహా ఇస్తున్నారు. వేయవచ్చా?

జవాబు: చదువు మాన్పించకండి. ఎందుకో కిందనే తెలుస్తుంది. ముందు మీరు అడిగిన మెట్ల సంగతి చూద్దాం.

మీవాడి గురించి రెండే వివరాలు రాశారు: ఎత్తు, పాయింట్లు. ఈ వయసులో ఆ రెండూ మోసం చేస్తాయి. ఆరడుగులు దాటిన 15 ఏళ్ల కుర్రాడు దొరికితే స్కూలు కోచ్ ఏం చేస్తాడు? రింగు కింద నిలబెడతాడు. వాడు బంతి అందుకుని, వెనక్కి తిరిగి, పొట్టివాళ్ల మీదుగా వేసేస్తాడు. టీమ్ గెలుస్తుంది, అందరికీ సంతోషమే. కానీ 18 ఏళ్లకు ఎత్తు ఆరడుగుల మూడంగుళాల దగ్గర ఆగిపోయిందనుకోండి, ప్రొఫెషనల్ ఆటలో అది గార్డు (బంతిని నడిపించి ఆట కట్టే ఆటగాడు) ఎత్తు. బంతిని ముందుకు తీసుకెళ్లలేక, ఎడమచేత్తో పాస్ ఇవ్వలేక, త్రీ పాయింట్ గీత (దాని అవతలినుంచి పడితే మూడు పాయింట్లు) బయటినుంచి వేయలేక ఇబ్బందిపడే గార్డును ఏ క్లబ్బూ తీసుకోదు. అమెరికా ఆటగాడు ఆంథొనీ డేవిస్‌కు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. హైస్కూల్లో గార్డుగా ఆడుతూనే ఆరడుగుల పదంగుళాలకు పెరిగాడు. ఒళ్లు సెంటర్‌ది (రింగు కింద ఆడే పొడుగువాడు), చేతులు గార్డువి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2012 మొదటి ఎంపిక అతనే. అందుకే మీవాడు ఎంత పెరిగినా సరే, ఇప్పుడు నేర్చుకోవాల్సింది గార్డు పని.

15 నుంచి 16 ఏళ్ల మధ్య మెట్టు పతకం కాదు, నోట్‌బుక్. మూడు నెలలకోసారి ఎత్తు, రెండు చేతులూ చాచిన కొలత, నిలబడి చెయ్యెత్తితే వేలికొస అందే ఎత్తు రాయండి. ఎత్తు షూస్ లేకుండా కొలవాలి. ఎన్‌బీఏ కూడా 2019 నుంచి ఆటగాళ్ల ఎత్తును షూస్ లేకుండానే నమోదు చేయిస్తోంది. ఆ తర్వాత షూటింగ్. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా లెక్కన త్రీ పాయింట్ గీత రింగుకు 6.75 మీటర్ల దూరం. ఐదు చోట్ల నుంచి పదేసి చొప్పున 50 వేయించండి. ఒక్కరోజు బాగా పడ్డ లెక్క కాదు, మూడు వారాల సగటు రాయండి. అడ్డుకునేవాడు లేని ఖాళీ కోర్టులో సగమైనా పడకపోతే మ్యాచ్‌లో ఆ షాట్ మీద ఆశ పెట్టుకోలేం. మ్యాచ్‌లో ఫ్రీ త్రోల (ఫౌల్ అయినప్పుడు ఇచ్చే షాట్ల) శాతం విడిగా రాయండి. ఎదుట ఎవరూ ఉండరు కాబట్టి షూటింగ్ నైపుణ్యం అసలు ఎంతుందో స్కౌట్లు (క్లబ్బుల తరఫున ప్రతిభను వెతికేవాళ్లు) అందులోనే చూస్తారు. 75 శాతం కన్నా తక్కువుంటే ఎక్కువ షాట్లు వేయించే ముందు మోచేయి, మణికట్టు సరిచేయించాలి. తప్పుడు పద్ధతిలో రోజుకు 500 వేస్తే ఆ తప్పే స్థిరపడుతుంది.

తర్వాతి మెట్టు వయోవర్గ జాతీయ జట్లు. ఫిబా అండర్-17 ప్రపంచ కప్ సరి సంవత్సరాల్లో, అండర్-19 బేసి సంవత్సరాల్లో జరుగుతాయి. వయసు లెక్కకు పుట్టిన సంవత్సరమే ఆధారం. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే వర్గంలో పడతారు. డిసెంబరు పిల్లవాడు ఆ వయసులో వెనకబడ్డట్టు కనిపిస్తే అది ప్రతిభ లోపమో, పదకొండు నెలల తేడానో ఆలోచించండి. కుర్రాళ్లు దెబ్బతినేదీ ఇక్కడే. స్కూలు, క్లబ్బు, జిల్లా అంటూ ఒకే సీజన్‌లో మూడు జట్లకు ఆడేస్తారు. ఎముక పెరుగుతున్న వయసులో మోకాలిచిప్ప కింద నొప్పి మొదలవుతుంది. "గ్రోయింగ్ పెయిన్స్‌లే" అనుకుంటూ దూకుతూనే ఉంటారు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలని ఎన్‌బీఏ, అమెరికా సమాఖ్య యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. రెండు వారాలు దాటినా మోకాలి నొప్పి తగ్గకపోతే టోర్నీ ఏదైనా సరే, డాక్టరే ముందు.

16 నుంచి 19 మధ్య దారి రెండుగా చీలుతుంది. ఒకటి యూరప్ పద్ధతి: క్లబ్బు జూనియర్ జట్టు నుంచి నేరుగా సీనియర్ జట్టులోకి. లూకా డాంచిచ్ 2015లో 16 ఏళ్లకే స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ సీనియర్ జట్టుకు ఆడాడు, 2018లో యూరప్ మేటి క్లబ్బుల యూరోలీగ్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు, అదే ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మూడో ఎంపిక. అతన్ని కొలబద్దగా పెట్టుకోకండి, అలాంటివాళ్లు ఎప్పుడో ఒకరు పుడతారు. పైగా 18 నిండకుండా ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మారడాన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఫిబా అనుమతించదు. 16 ఏళ్లకే విదేశీ క్లబ్బులో చేరుస్తామంటూ డబ్బు అడిగేవాళ్లు వస్తే ఈ నిబంధన చెప్పి చూడండి, మాట మారిపోతుంది.

రెండోది అమెరికా కాలేజీ దారి. మీ చదువు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ పై స్థాయి డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు లాంటివి), వాటిలో నాలుగుకు కనీసం 2.3 గ్రేడ్ సగటు ఉండాలి. చదువు ఆపితే ఆట ఎంత బాగున్నా ఈ తలుపు మూతపడుతుంది. అకాడమీలో చేర్చినా బడి కూడా నడిచే అకాడమీ చూడండి. కోచ్‌లకు పంపే వీడియోలో కూడా చాలామంది పొరపాటు చేస్తారు. మూడు నిమిషాల హైలైట్లే పంపితే డంకులు (ఎగిరి బంతిని రింగులోకి కుక్కడం), త్రీలు కనిపిస్తాయి. బంతి పోయాక వెనక్కి పరిగెత్తాడా, ఎదుటివాణ్ని వదిలేశాడా అన్నది కనిపించదు. కోచ్‌కు కావలసింది అదే. ఎడిటింగ్ లేని రెండు పూర్తి మ్యాచ్‌లు తప్పనిసరిగా జతచేయండి, గట్టి జట్టుతో ఓడినది ఒకటైనా అందులో ఉండాలి.

ఇక అందరూ కలలు కనే డ్రాఫ్ట్. రెండు రౌండ్లు, గరిష్ఠంగా 60 ఎంపికలు. ఆ క్యాలెండర్ సంవత్సరంలో 19 నిండాలి. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడికి రెండేళ్ల జీతానికే హామీ. మూడో ఏడు, నాలుగో ఏడు క్లబ్బు ఇష్టం. మూడో ఏటి సంగతి రెండో సీజన్ మొదట్లోనే, అక్టోబరు 31లోపు క్లబ్బు తేల్చేస్తుంది. అంటే ఒక్క సీజన్ ఆట చూసి కుర్రాడి మీద తీర్పు వస్తుందన్నమాట. రెండో రౌండ్‌లో ఆ హామీ కూడా ఉండదు. చాలామంది టూ-వే కాంట్రాక్టు మీద ఎన్‌బీఏకూ దాని కింది స్థాయి జీ లీగ్‌కూ మధ్య తిరుగుతారు. అలాంటివాళ్లను ఎన్‌బీఏలో సీజన్‌కు 50 మ్యాచ్‌లకు మించి జట్టు జాబితాలో ఉండనివ్వరు.

అందుకే రెండో కాంట్రాక్టును నేను అసలు మైలురాయి అంటాను. మొదటిది మీరు ఏమవుతారోనన్న అంచనాకు ఇస్తారు, రెండోది కోర్టులో చూసిన పనికి ఇస్తారు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. టొరంటో జట్టులో చోటు సంపాదించి, 2018లో అక్కడే రెండేళ్ల రెండో కాంట్రాక్టు దక్కించుకుని, 2019లో ఛాంపియన్ జట్టులో ఆడి, 2020లో అదే క్లబ్బుతో నాలుగేళ్లకు 8.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. నికోలా యోకిచ్ 2014లో 41వ ఎంపిక, తర్వాత మూడుసార్లు ఎంవీపీ. రెండో కాంట్రాక్టు అందరూ అనుకున్నట్టు ఎక్కువ పాయింట్లు వేసినవాడికే రాదు. మూల నుంచి త్రీ వేయగలగడం, ఎదుటి జట్టు మేటి గార్డును కాచుకోవడం, సీజన్ పొడవునా గాయాలు లేకుండా అందుబాటులో ఉండటం: వీటిలో ఒకటి అచ్చంగా తనదైనవాడికి కోచ్ నిమిషాలు ఇస్తాడు. నిమిషాలు దొరికితే కాంట్రాక్టు దానంతటదే వస్తుంది. ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్) పిలుపు, రికార్డులు ఆ తర్వాతి ముచ్చట.

ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఎక్కువమంది ఎన్‌బీఏ బయటే బతుకుతారు కాబట్టి ఇతర లీగ్‌ల కాంట్రాక్టు గురించి కూడా తెలుసుకోండి. యూరప్‌లో సాధారణంగా పన్ను పోగా చేతికొచ్చే జీతమే రాస్తారు. పన్ను ఎవరు కడతారో కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి. మెడికల్ పరీక్ష ఎన్ని రోజుల్లో చేయాలో రాయించండి, లేదంటే నెల తర్వాత "ఫిట్ కాదు" అని పంపేస్తారు. ఇల్లు, విమాన టికెట్లు, గాయమైతే జీతం ఆగదన్న మాట కూడా కాగితం మీదే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వివాదం వస్తే ఫిబా వ్యవస్థలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కు వెళ్తామన్న వాక్యం. అది లేకపోతే ఆ ట్రిబ్యునల్ కేసు తీసుకోదు, జీతం ఎగ్గొట్టిన క్లబ్బు మీద స్థానిక కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. ఏజెంట్‌కు ఫిబా లైసెన్సు ఉందో లేదో చూడండి. ముందుగా డబ్బు అడిగే ఏజెంట్‌ను గుమ్మం దగ్గరే ఆపేయండి.

ఇవేవీ కుదరకపోతే? సగం కోర్టులో ముగ్గురేసి ఆడే 3x3 ఉంది. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో భాగమైంది, అందులో ఆటగాడికి సొంత ర్యాంకింగ్ పాయింట్లుంటాయి. కోర్టు పక్కన ఉద్యోగాలూ తక్కువేం కాదు. ఎరిక్ స్పోల్‌స్ట్రా జర్మనీలో రెండేళ్లు ఆడి, 1995లో మయామీ హీట్‌లో వీడియో పనిలో చేరాడు. 2008లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యి 2012, 2013లలో టైటిల్ గెలిపించాడు.

ప్రస్తుతానికి ఒక పని చేయండి. స్కూలు కోచ్‌ను కలిసి, ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో సగం సేపైనా మీవాడి చేత బంతి ముందుకు తీసుకెళ్లించమని అడగండి. మొదట్లో బంతి పోగొట్టుకుంటాడు, పాయింట్లు తగ్గుతాయి, ఇంటికొచ్చి అలుగుతాడు కూడా. ఆరు నెలలు ఓపిక పట్టండి. నోట్‌బుక్ లెక్కలు, రెండు పూర్తి మ్యాచ్‌ల వీడియో సిద్ధమయ్యాక మళ్లీ రాయండి.