రెండు మెష్‌లు కలిసే చోట ప్రవాహం ఎటు పోతోంది?

ప్రశ్న: పంపు ఇంపెల్లర్ (తిరిగే బ్లేడ్ల చక్రం) చుట్టూ తిరిగే మెష్ (లెక్క కోసం జాగాను చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టిన వల), దాని బయట కదలని మెష్ పెట్టి, ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ చేస్తున్నాను. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) బాగానే తగ్గుతున్నాయి. కానీ రెండు మెష్‌లు కలిసే ఇంటర్‌ఫేస్‌కు అటూ ఇటూ మాస్ ఫ్లో చూస్తే 2 శాతం తేడా వస్తోంది. సాల్వర్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా పోవడం లేదు. రిపోర్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: సాల్వర్ జోలికి వెళ్లకండి, తప్పు అక్కడ లేదు. మీరిచ్చిన సమీకరణాలు ఎంతవరకు సాల్వ్ అయ్యాయన్నదే రెసిడ్యువల్స్ చెబుతాయి. సమీకరణాల్లోనే లీకు ఉంటే, ఆ లీకుతో సహా అవి చక్కగా తగ్గుతాయి.

మామూలు మెష్‌లో పక్కపక్క సెల్స్ రెండింటికీ మధ్యలో ఉండే ఫేస్ (హద్దు తలం) ఒక్కటే. ఒకదాంట్లోంచి పోయినదంతా రెండోదాంట్లోకి చేరుతుంది. మీ ఇంటర్‌ఫేస్ దగ్గర ఆ ఉమ్మడి ఫేస్ లేదు. చిన్న లెక్క చూడండి. ఇంటర్‌ఫేస్ పొడవు 6 అనుకుందాం. ఎడమవైపు 3 పొడవున్న ఫేస్‌లు రెండు, వాటి మీద వేగాలు 2, 4. ఫ్లక్స్ (దాటే ప్రవాహం, అంటే పొడవు × వేగం) 6 + 12 = 18. కుడివైపు 2 పొడవున్న ఫేస్‌లు మూడు. వాటికి దగ్గరలోని ఫేస్ వేగాన్నే ఇచ్చారనుకోండి. మధ్య ఫేస్ రెండింటికీ సమదూరంలో ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఎంచుకోవాలి. 2 ఎంచుకుంటే మొత్తం 4 + 4 + 8 = 16. రెండు యూనిట్లు మాయం! అదే మధ్య ఫేస్‌ను ఎడమ ఫేస్‌ల హద్దు దగ్గర రెండు ముక్కలు చేస్తే దాని వాటా 2 + 4 = 6, మొత్తం మళ్లీ 18. అంటే, రెండు వైపుల ఫేస్‌లు ఒకదానిమీద ఒకటి పడే ప్రతి ముక్కకూ ఫ్లక్స్ ఒక్కసారే లెక్కగట్టి, అదే అంకెను ఒకవైపు ప్లస్‌గా, రెండోవైపు మైనస్‌గా వాడాలి.

ఓపెన్‌ఫోమ్‌లో ఇలాంటి మెష్‌లను కలిపే ఏఎంఐ (ఆర్బిట్రరీ మెష్ ఇంటర్‌ఫేస్) ఇలా అతివ్యాప్తి వైశాల్యాలతోనే వెయిట్స్ (అవతలి ఏ ఫేస్ నుంచి ఎంత వాటా తీసుకోవాలో చెప్పే అంకెలు) కడుతుంది. అయినా తేడా రావడానికి వంపు కారణం కావచ్చు. 100 మి.మీ. వ్యాసార్ధమున్న వృత్తాన్ని 24 ముక్కలు చేస్తే ప్రతి ముక్క మధ్యలో గీత వృత్తం కంటే 0.86 మి.మీ. లోపలికి ఉంటుంది. 60 ముక్కలు చేస్తే 0.14 మి.మీ. మాత్రమే. ఒకవైపు 24, ఇంకోవైపు 60 ఉంటే మధ్యలో సందులు ఏర్పడతాయి, రెండు వైపుల వైశాల్యాలూ సమానం కావు.

ముందు లాగ్ ఫైల్‌లో ఒక్కో ఫేస్‌కు ఏఎంఐ వెయిట్స్ కూడితే వచ్చే మొత్తం చూడండి. కనిష్ఠం, గరిష్ఠం, సగటు మూడూ 1కి దగ్గరగా ఉండాలి. సగటు బాగుందని ఊరుకోవద్దు, కనిష్ఠం పడిపోయిందేమో చూడండి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఆ మొత్తాన్ని 1కి సర్దేస్తుంది కాబట్టి, ఫలితాల బొమ్మల్లో ఈ లోపం కంటికి కనిపించదు.

ఇప్పుడు రెండు వైపులా వంపు వెంట ముక్కల సంఖ్య దాదాపు సమానంగా పెట్టి మళ్లీ మెష్ చేయండి. మీ కేసులో ముందు చేయాల్సింది ఇదేనని నా నమ్మకం. ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్ విడుదల చేసే వెర్షన్ వాడుతుంటే, 2022లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఏఎంఐ స్థానంలో ఎన్‌సీసీ (నాన్-కన్ఫార్మల్ కప్లింగ్) వచ్చింది. అది ఫేస్‌లను నిజంగానే ముక్కలు చేసి ఉమ్మడి ఫేస్‌లు కడుతుంది.

ఇంకొకటి. ఫ్లక్స్ సరిపోయినంత మాత్రాన వేగం వివరాలు సరిగ్గా దాటినట్టు కాదు. పెద్ద సెల్స్ ఉన్న ముతక మెష్ వైపు వెళ్లగానే చిన్న సుడులు చెరిగిపోతాయి. అందుకే ఇంటర్‌ఫేస్‌ను బ్లేడు అంచుకు అతుక్కున్నట్టు పెట్టకుండా, బ్లేడుకూ బయటి గోడకూ మధ్య ఉన్న సందు మధ్యలో, ఇరువైపులా కొన్ని సెల్ వరుసలు పట్టేలా ఉంచండి.