పాఠకుల ప్రశ్నలు: తంత్రీవాద్యాలను సొంతంగా తయారుచేసుకోవడం

ప్రశ్న: మాది విజయనగరం. ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాం. సెలవు రోజుల్లో వడ్రంగం చేయడం నాకు సరదా; పీటలు, చిన్న బల్లలు చేశాను. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. తన వీణను నేనే చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీ కోరిక ఎంతో మంచిది. అయితే వీణతో మాత్రం మొదలుపెట్టకండి. మీ జిల్లాలోనే బొబ్బిలి దగ్గరున్న గొల్లపల్లిలో ఏకాండ వీణ చేసేవారు పనస మొద్దును తొలిచి కుండను, దండిని ఒకే కర్రలోంచి తీస్తారు. అంత పెద్ద మొద్దు లోపల ఎండకుండా ఉంటే పని సగంలో ఉండగానే బీటవారుతుంది. చెక్కడం పూర్తయ్యాక మేళం కట్టాలి. మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దలో స్వరస్థానాలను నిర్ణయించే 24 మెట్లను కూర్చి, ఒక్కొక్క స్వరాన్నీ మీటి వింటూ మెట్టును వెంట్రుకవాసి జరిపి నిలపాలి. ఇది ఉలికి లొంగే పని కాదు, ఏళ్ల తరబడి శ్రుతికి అలవాటుపడిన చెవి చేయవలసిన పని.

మొదటి వాద్యంగా యుకులేలే చేయండి; అది గిటారును పోలిన చిన్న వాద్యం. నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి కావడంతో పలక మీద లాగుడు తక్కువ. కర్ర కొద్దిగానే పడుతుంది. మెట్లను లెక్క కట్టి కోయవచ్చు. మధ్యరకం సైజులో తీగ పొడవు సుమారు 380 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 21.3 వస్తుంది, అది మొదటి మెట్టు స్థానం. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తూ పోతే 12వ మెట్టు సరిగ్గా సగంలో, 190 దగ్గర పడుతుంది. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో ఇదే పనికి 18ని సూచించారు. ఆ లెక్కన 12వ మెట్టు 188.6 దగ్గరే ఆగిపోతుంది. అన్ని గీతలనూ తలదగ్గరి పట్టీ నుంచే కొలిచి పెట్టండి. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కొలుస్తూ పోతే చిన్న తేడాలన్నీ కలిసి చివరి మెట్లు అపస్వరం పలుకుతాయి.

యుకులేలేతో మీ అమ్మాయి వీణ సాధనకు పెద్ద ఉపయోగం ఉండదని మీకు అనిపించవచ్చు. అందుకే రెండో వాద్యంగా తంబుర చేయమంటాను. దానికి మెట్లు లేవు, తన సాధనకు రోజూ పనికొస్తుంది.

ప్రశ్న: ఆగస్టులో నేను యుకులేలే పూర్తిచేశాను. పైపలకకు మంచి స్ప్రూస్ కర్ర తెప్పించాను. వానాకాలమంతా చక్కగా పలికింది. మార్చి వచ్చేసరికి గుర్రం (తీగలను పలక మీద ఎత్తి నిలిపే చెక్క) వెనుక బెత్తెడు పగులు కనిపించింది. కర్ర నాసిరకమా?
— ఒక పాఠకురాలు, విజయనగర్

జవాబు: కర్రను అనుమానించకండి. మీరు జిగురు పెట్టిన నెలే ఇందుకు కారణం.

కర్ర ఎంత ఎండినా గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో తేమ దాదాపు 16 శాతానికి చేరుతుంది. గాలి 40 శాతానికి పొడిబారితే అది 8 శాతం లోపుకు దిగుతుంది. బెంగళూరులో వానాకాలానికీ మార్చి మధ్యాహ్నాలకీ ఇంత తేడా ఉండనే ఉంటుంది. కర్ర నిలువునా దాదాపు ముడుచుకోదు, అడ్డంగా ముడుచుకుంటుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ప్రూస్ పలక, చారలు నిటారుగా ఉండేలా కోసినదైనా సరే, ఇంత తేడాకు సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కానీ దాని అడుగున అడ్డంగా అతికించిన బద్దలు తమ పొడవులో తగ్గవు. పలక ముడుచుకోబోతుంది, బద్దలు పట్టి ఆపుతాయి, ఆ పెనుగులాటలో పలక చార వెంట చీలుతుంది.

ఇదే పలకను పొడి రోజుల్లో అతికించి ఉంటే వానలు వచ్చినప్పుడు అది ఉబ్బి కాస్త పైకి వంగేది. తీగలు ఒకింత ఎత్తవుతాయి తప్ప పలకకు ప్రమాదం ఉండదు. కాబట్టి బెంగళూరులో ఈ పని చేసేవారికి నేను పదేపదే చెప్పే మాట ఒక్కటే: బద్దలు అతికించడం, పెట్టె మూయడం జనవరి నుంచి మార్చి లోపల, గాలిలో తేమ 45 శాతం దరిదాపుల్లో ఉన్నప్పుడు పూర్తిచేయండి. వానాకాలంలో మెడను చిత్రిక పట్టండి, బిరడాలు చెక్కండి, మెట్ల గాళ్లు కోయండి. తేమను చూపే చిన్న మీటరును పని బల్ల మీద ఉంచుకోండి. కొత్త పలకలను వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి బరువును పలక అంచునే పెన్సిలుతో రాయండి; వరుసగా కొన్ని వారాలు అదే బరువు చూపితే ఆ పలక మీ గది గాలికి అలవాటుపడినట్టే.

ఇక పగులు సంగతి. దాన్ని బిగించి మూయకండి. పలక వెడల్పు తగ్గింది కనుక పక్కనే మరోచోట చీలుతుంది. ఇప్పుడే, ఈ పొడి కాలంలోనే, స్ప్రూస్ పీలికను పగులు వెడల్పుకు సరిపోయేలా పలచగా చెక్కి, చార కలిసేలా చొప్పించి, వేడిచేసి పూసే చర్మపు జిగురుతో అతికించండి. లోపలివైపు చారకు అడ్డంగా బిళ్లలు రెండు మూడు పెడితే చాలు.

ప్రశ్న: ఇంట్లో తంబుర చేశాను. శ్రుతి నిలుస్తోంది కానీ నాదంలో జీవం లేదు. గుర్రం మీద తీగ కింద దారం పెట్టినా ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: మీ గుర్రం పైభాగం బల్లపరుపుగానో, అంచు పదునుగానో ఉండి ఉంటుంది. పదునైన అంచు మీద ఆగే తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) పలకవు. తంబురలో, వీణలో అవి కూడా వినిపిస్తాయని, గుర్రం మీది వెడల్పాటి వంపే అందుకు కారణమని సి.వి. రామన్ 1921లో రాశారు. అప్పుడాయన కలకత్తాలో ఉన్నారు. 1933లో మీ ఊళ్లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చారు. తీగ కదిలేటప్పుడు ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉండాలి. దారం ఆ తాకిడిని సరైన చోటికి తెస్తుంది, వంపు లేనిచోట అది చేయగలిగింది లేదు.

తీగ కింద గుర్రం మీద పెన్సిలు పూసి కాసేపు మీటండి. తీగ రాసుకున్నచోట మసి చెరిగి గీత పడుతుంది. గీత అంచు దగ్గరే ఉంటే సన్నటి ఆకురాయితో తీగ దిక్కున అతి స్వల్పంగా వంపు తీసి మళ్లీ మీటి చూడండి. నాలుగు తీగలకూ విడివిడిగా చేయాలి. తొందరపడి ఎక్కువ తీస్తే గరగర మిగులుతుంది.

ప్రశ్న: పక్కపలకలకు రోజ్‌వుడ్ వాడవచ్చా?
— ఒక పాఠకుడు, హెబ్బాళ

జవాబు: బిల్లు, అటవీశాఖ అనుమతి ఉన్న కలప అయితేనే వాడండి. మన రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉన్న జాతి. 2019లో వచ్చిన మినహాయింపు పూర్తయిన వాద్యాలకే కానీ ముడి పలకలకు వర్తించదు. ఎవరిదో పాత మంచం విప్పినప్పుడు దొరికితే అదృష్టమే, అది బాగా ఎండి ఉంటుంది కూడా. లేకపోతే కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చూడండి. చార నిటారుగా ఉండేలా కోస్తే పలక మీద మెరిసే మచ్చలు తేలతాయి, వెలా తక్కువే. జాతి ఏదో తేల్చుకోలేని పలక చేతికొస్తే మల్లేశ్వరంలోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థను అడగండి.