మీ ప్రశ్న – నా జవాబు: గేట్స్‌కి అనుమానాలు, జాబ్స్‌కి దండలా?

ప్రశ్న: మేడం, మా బాబాయికి స్టీవ్ జాబ్స్ అంటే దేవుడే. నేనేమో బిల్ గేట్స్ పక్షం. ఇంత దానం చేసిన గేట్స్‌ని అనుమానిస్తారు, దానధర్మాల ఊసే ఎత్తని జాబ్స్‌ని నెత్తిన పెట్టుకుంటారు. ఇదేం న్యాయం?
– బీటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, గుంటూరులో పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. నాకు తెలిసిన చోటు నుంచే చెబుతాను.

చలికాలం వస్తే రోటా వైరస్ విరేచనాలతో పసిపిల్లల్ని తెచ్చేవాళ్లు. కళ్లు లోపలికి పోయి, మాడు గుంటపడి ఉండేది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకునేది కాదు. ఏడ్చినా కన్నీళ్లు రావు. సెలైన్ పెడదామంటే నరం దొరకదు, పక్కన తల్లి వణికిపోతుంటుంది. 2016లో రోటా చుక్కల్ని ముందుగా నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు, అందులో మన ఆంధ్ర ఒకటి. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ చుక్కల వెనక గేట్స్ దానాల సంస్థ గేట్స్ ఫౌండేషన్ డబ్బు కూడా ఉంది. ఆ తల్లుల తరఫున ఆయనకి నేను మనస్ఫూర్తిగా నమస్కారం పెడతాను.

అలాగని అనుమానించేవాళ్లని తప్పుపట్టలేను. 1998లో అమెరికా ప్రభుత్వం గేట్స్ కంపెనీ మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. అది నడుస్తుండగానే 2000లో ఫౌండేషన్ వచ్చింది. పేరు బాగుచేసుకోవడానికే అనుకున్నారు చాలామంది. నన్ను బాధపెట్టింది మాత్రం మన పక్కనున్న ఖమ్మం జిల్లా సంగతి. 2009లో గేట్స్ డబ్బుతో పాత్ అనే సంస్థ అక్కడి బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు వేయించింది. వాళ్లలో గిరిజనుల పిల్లలు ఎక్కువ. చాలా ఫారాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయారు. వాటికి టీకా కారణం కాదని విచారణలో తేల్చినా, 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌ని గట్టిగా తప్పుపట్టింది. సూది పట్టుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, తల్లికి చెప్పకుండా బిడ్డ చెయ్యి పట్టుకోకూడదు. డబ్బు ఎవరిదైనా సరే.

ఇక జాబ్స్. 1997లో ఆపిల్‌కి తిరిగొచ్చేసరికి కంపెనీ నష్టాల్లో ఉంది, దానాల కార్యక్రమాలు ఆపేశాడు. ఆయన ఉండగానే 2006లో వచ్చిన ఎర్ర ఐపాడ్ అమ్మకాల్లో కొంత ఎయిడ్స్ మీద పోరాడే నిధికి వెళ్లింది. ఉద్యోగులిచ్చే విరాళానికి కంపెనీ అంతే కలపడం మాత్రం 2011లో జాబ్స్ స్థానంలో టిమ్ కుక్ వచ్చాకే.

మరి దండలెందుకంటావా? ఆయన చేసిన ఫోన్ రోజంతా మీ బాబాయి చేతిలో ఉంటుంది, కంటికి కనబడుతుంది. రోటా చుక్కలు పడిన పిల్లాడికి ఆ జబ్బు రాకపోతే ఎవరు గమనిస్తారు? వాళ్లమ్మకి కూడా తెలియదు.

గేట్స్ తన ఆస్తి దాదాపు అంతా ఇచ్చేసి 2045 నాటికి ఫౌండేషన్‌ని మూసేస్తానని 2025లో ప్రకటించాడు. ఈ మాట బాబాయికి చెప్పు, ఖమ్మం మాట కూడా దాచకుండా చెప్పు. ఆ తర్వాత వాదించుకోండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ముందు టీకా కార్డు తీసి చూడండి. రోటా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకి పడాలి.