నార్వే చెక్క పడవలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నార్వే తీరంలో పూర్వం వాడిన చెక్క పడవల విశేషమేమిటి? మోటారు పడవలు వచ్చాక కూడా వాటిని ఎవరైనా తయారుచేస్తున్నారా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: నార్వే పశ్చిమ తీరంలో చాలాచోట్ల కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. ఊరికీ ఊరికీ నడుమ బాట వేయడానికి చోటు లేని ఆ ప్రాంతంలో చర్చికి వెళ్లాలన్నా, సరుకులు తెచ్చుకోవాలన్నా, పెళ్లివారు తరలి వెళ్లాలన్నా పడవే దిక్కు. అక్కడి కుటుంబాలు ఒడ్డున కాస్త పొలం చేసుకుంటూనే చేపలు కూడా పట్టేవి.

ఈ పడవలు కట్టే తీరు గమనించదగినది. ముందుగా లోపలి చట్రం నిలబెట్టి దానికి పలకలు బిగించరు. అడుగు దూలానికి ఇరువైపులా పలకలను ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా అమర్చి, ఇనుప రివెట్లతో బిగించి, పడవకు ఆకారం వచ్చాకే లోపలి అడ్డకర్రలు పెడతారు. అందువల్ల పడవ తేలికగా ఉండి, అల తాకిడికి కొంత వంగుతుంది. 1880లో నార్వేలోని గోక్‌స్టాడ్‌లో వైకింగుల (పూర్వపు స్కాండినేవియా సముద్రయానికుల) ఓడతో పాటు బయటపడిన మూడు చిన్న పడవలు కూడా, అంటే దాదాపు 1,100 ఏళ్ల నాటివి, ఇలా కట్టినవే.

ఉత్తరాన చతురస్రపు తెరచాపతో సాగే నూర్లాండ్ పడవలది మరింత కఠినమైన జీవితం. బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ దీవులకు వచ్చే కాడ్ చేపల కోసం, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, జాలరులు ఆ చలిలో పైకప్పు లేని పడవల్లోనే వేటకు వెళ్లేవారు. పట్టిన చేపలను ఉప్పు వేయకుండా కొయ్య పందిళ్ల మీద గాలికి ఆరబెట్టి, పశ్చిమ తీరపు రేవు పట్టణమైన బెర్గెన్ మీదుగా విదేశాలకు పంపేవారు.

ఇరవయ్యో శతాబ్దంలో మోటార్లు రావడంతో వీటి అవసరం తగ్గింది. కానీ నిర్మాణం ఆగిపోలేదు. బెర్గెన్‌కు దక్షిణాన ఉన్న ఊస్‌లో, వెడల్పాటి పైన్ పలకలు కొన్నింటితోనే తయారయ్యే ఓసెల్వర్ పడవ కోసం 1997లో ఒక కార్యశాల ఏర్పడింది. ఈ పడవకు సంప్రదాయంగా నమూనా చిత్రాలు ఉండవు. నిర్మాత కంటిచూపే ప్రధాన కొలత. గురువు పక్కన నిలబడి పనిచేస్తేనే అబ్బే విద్య కాబట్టి, పాత పడవలను మ్యూజియంలో దాచడం కంటే శిష్యులను తయారుచేయడమే సరైన రక్షణ అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కార్యశాల కృషిని 2016లో యునెస్కో ఆదర్శ పరిరక్షణ పద్ధతుల్లో చేర్చింది. 2021లో నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌ల ఉమ్మడి పడవ నిర్మాణ సంప్రదాయానికి వారసత్వ జాబితాలో స్థానం దక్కింది.

ప్రశ్న: చెక్క నీటిలో కుళ్లిపోదా?

జవాబు: పైన్ చెట్ల నుంచి తీసిన తారు పూసి, వాడని కాలంలో ఒడ్డునున్న పడవ కొట్టాల్లో ఉంచుతారు. అలా ఆరిన పలకల మధ్య సందులు పడి, తిరిగి నీటిలోకి దించినప్పుడు మొదట కొంత కారుతుంది. చెక్క నీరు పీల్చి ఉబ్బగానే ఆ సందులు మూసుకుపోతాయి.