పర్మిషన్ మార్చే ముందు, వచ్చిందెవరో చూడు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. కంపెనీ ఫైల్ సర్వర్ నీ చేతికిస్తున్నారని, ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళ రిమోట్ లాగిన్ల గొడవలన్నీ ఇక నువ్వే చూసుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే ఎంత గర్వం కలిగిందో అంత గుబులూ పుట్టింది. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు. కానీ ఎవరైనా "ఫోల్డర్ తెరుచుకోవట్లేదు" అని కంగారు పడితే వాళ్ళకన్నా నువ్వే ఎక్కువ కంగారు పడతావు. ఈ పనిలో పెద్ద నష్టాలు అలాంటి కంగారులోనే జరుగుతాయి. అందుకే ఈ ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఎవరు ఫోన్ చేసినా ఎర్రర్ నంబరు అడుగు. ఎక్స్‌ప్లోరర్‌లో అది సరిగా కనపడకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్ యూజ్ అని కొట్టి, పక్కన \\సర్వర్\షేర్ పేరు ఇమ్మను. షేర్ అంటే నెట్‌వర్క్ మీదుగా వాడుకోవడానికి సర్వర్ బయటపెట్టిన ఫోల్డర్. 53 వస్తే సర్వర్ దాకా దారే లేదు. వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి), సర్వర్ పేరు, ఫైర్‌వాల్ చూసుకో. పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్‌కి సర్వర్ పేరూ, ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టూ ఇస్తే విషయం వెంటనే తేలిపోతుంది. 67 అంటే షేర్ పేరు తప్పు. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. చాలామంది విండోస్ హలో పిన్ కొట్టి కూర్చుంటారు, షేరుకి అది పనికిరాదు, అసలు పాస్‌వర్డే కావాలి. వీటిలో ఒక్కటీ పర్మిషన్ సమస్య కాదు. 5, అంటే యాక్సెస్ డినైడ్, వచ్చినప్పుడు పర్మిషన్ల వైపు చూడు. చూడమన్నాను గానీ మార్చమనలేదు.

షేర్ పర్మిషన్ వీధి గుమ్మం, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (డిస్క్‌లో ఫోల్డర్ మీదే రాసి ఉండేది, సెక్యూరిటీ ట్యాబ్‌లో కనపడేది) గది తలుపు. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్ళు రెండూ దాటాలి. రెంటిలో ఏది ఇరుకైతే అదే వాళ్ళ హద్దు. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చినా షేర్‌లో రీడ్ మాత్రమే ఉంటే ఫైలు సేవ్ కాదు. నువ్వు రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ ఫైల్ సర్వర్‌లోకే లాగిన్ అయి డి డ్రైవ్‌లోంచి ఫోల్డర్ తెరిచావనుకో, వీధి గుమ్మంతో పనే పడదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. "నాకు తెరుచుకుంది, మీ వైపే ఏదో తప్పుంది" అని అలాంటి పరీక్ష చేసి ఎవరికైనా జవాబిచ్చావని తెలిస్తే ఊరుకోను. అందులోనూ అడ్మిన్ ఖాతాతో పరీక్షిస్తే అది పరీక్షే కాదు. మామూలు యూజర్ హక్కులున్న ఒక టెస్ట్ ఖాతా పెట్టుకో. వేరే మెషీన్ నుంచి \\సర్వర్\షేర్ దారిలోనే రా.

షేర్ దగ్గర ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి (సరిగ్గా లాగిన్ అయినవాళ్ళందరికీ) ఛేంజ్ (చదివే, రాసే, చెరిపే హక్కు) ఇచ్చి, ఎవరికి ఏది దక్కాలన్నది ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గ్రూపుల ద్వారా నడిపించు. ఛేంజ్ చాలు అనడానికి కారణం ఉంది. లోపల పొరపాటున ఎవరికైనా ఫుల్ కంట్రోల్ వెళ్ళినా, షేర్ ఛేంజ్ దగ్గర ఆగితే వాళ్ళు దూరం నుంచి పర్మిషన్లు మార్చలేరు. మనిషి పేరు మీద నేరుగా పర్మిషన్ రాయకు. డినై (అనుమతిని మించే నిషేధం) మాత్రం తప్పనిసరైతే తప్ప వాడకు, రెండు గ్రూపుల్లో ఉన్నవాళ్ళు దానికి బలైపోతారు.

ఇక రిమోట్ లాగిన్ల సంగతి. ఇక్కడ 5 వచ్చిన ప్రతిసారీ పర్మిషన్ జాబితా తెరవకముందే ఒక ప్రశ్న వేసుకో: ఇప్పుడు సర్వర్ దగ్గరకు ఏ పేరుతో, ఏ గ్రూపులతో వస్తున్నారు? చాలాసార్లు జాబితా సరిగానే ఉంటుంది, వచ్చిన మనిషే వేరుగా ఉంటాడు.

ఎక్కువగా చూసేది ఇది. నువ్వు పొద్దున ఒకరిని గ్రూపులో చేర్చావు, మధ్యాహ్నమైనా వాళ్ళకి ఫోల్డర్ తెరుచుకోలేదు. గ్రూపుల జాబితా లాగిన్ అయిన క్షణంలోనే టోకెన్‌లో, అంటే ఆ సెషన్ గుర్తింపు చీటీలో, పడిపోతుంది, తర్వాత మారదు. రిమోట్ డెస్క్‌టాప్ కిటికీని మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేస్తే అది డిస్‌కనెక్టే గానీ లాగాఫ్ కాదు. మళ్ళీ కనెక్ట్ అయితే ఆ పాత సెషనే, ఆ పాత టోకెనే. స్టార్ట్ మెనూలోంచి సైన్ అవుట్ చేయించు. ఆ సెషన్‌లోనే హూయామ్‌ఐ స్లాష్ గ్రూప్స్ కొట్టించి, కొత్త గ్రూపు పేరు కనపడుతోందా అని అడుగు. లాప్‌టాప్‌లో ముందు లాగిన్ అయి ఆ తర్వాత వీపీఎన్ కలిపేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు లాగిన్ అయ్యేది లాప్‌టాప్‌లో దాచుకున్న వివరాలతో, కాబట్టి లాగాఫ్ చేసి వచ్చినా తేడా కనపడకపోవచ్చు. వీపీఎన్ కలిపి ఉండగా కేలిస్ట్ పర్జ్ కొట్టించి, ఉన్న కనెక్షన్‌ని నెట్ యూజ్ స్లాష్ డిలీట్‌తో తెంపించి మళ్ళీ తెరిపించు. కెర్బరోస్ టికెట్ (లాగిన్ అయ్యాక సర్వర్లకి చూపించే చీటీ) మామూలుగా 10 గంటలు బతుకుతుంది, పర్జ్ చేయకపోతే పాత గ్రూపుల టికెట్టే రోజంతా వాడతారు. పాస్‌వర్డ్ వేరేచోట మార్చుకున్నవాళ్ళయితే వీపీఎన్ ఉండగా స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరిస్తే సరిపోతుంది.

1219 కూడా నిన్ను బాగా తిప్పుతుంది. ఒకే సర్వర్‌కి ఒకే సెషన్ నుంచి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో వెళ్ళనివ్వదు విండోస్. నెట్ యూజ్ అని ఒంటరిగా కొడితే ఉన్న కనెక్షన్లు కనపడతాయి, పాతది తీసేయించు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఎప్పుడో దాచిన పాత పేరుంటే అదీ తీయించు, లేకపోతే మర్నాడు మళ్ళీ అదే పేరుతో వస్తారు. సర్వర్ ఐపీ అడ్రస్ కొడితే పని జరిగిపోతుందని కొందరు నేర్పుతారు. జరిగేది నిజమే, విండోస్ దాన్ని వేరే సర్వర్ అనుకుంటుంది. కానీ ఐపీతో వెళ్తే మామూలుగా కెర్బరోస్ పోయి ఎన్‌టీఎల్‌ఎమ్ అనే పాత, బలహీనమైన లాగిన్ పద్ధతి మీద నడుస్తుంది. దాన్ని అలవాటు చేయకు.

మ్యాప్ చేసిన డ్రైవ్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉండి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచిన ప్రోగ్రామ్‌లో కనపడకపోతే కంగారు పడకు. ఆ రెండూ వేరు వేరు లాగిన్ సెషన్లు. ప్రోగ్రామ్‌లో డ్రైవ్ అక్షరానికి బదులు పూర్తి దారి ఇస్తే తీరిపోతుంది.

పవర్‌షెల్ రిమోటింగ్‌తో ఒక సర్వర్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో సర్వర్ షేర్ తెరవబోతే పర్మిషన్ ఎంత సరిగ్గా ఉన్నా 5 వస్తుంది. మొదటి సర్వర్‌కి నువ్వెవరో తెలుసు, నీ తరఫున ముందుకు వెళ్ళే హక్కు దానికి లేదు. డబుల్ హాప్ అంటారు దీన్ని. మామూలు రిమోట్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ అవతలికి వెళ్తుంది కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు. పాస్‌వర్డ్ అవతలికి పంపని రెస్ట్రిక్టెడ్ అడ్మిన్ మోడ్‌లో వెళ్తే మాత్రం అక్కడి నుంచి బయటికి నీ పేరుతో కాకుండా ఆ కంప్యూటర్ ఖాతా పేరుతో వెళ్తావు. ఫైల్ సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4624 ఈవెంట్ తెరిచి చూడు. లాగాన్ టైప్ 3 అని ఉండి, అకౌంట్ పేరు చివర డాలర్ గుర్తు కనపడితే వచ్చింది మనిషి కాదు, మెషీన్. దానికోసం ఫోల్డర్ మీద డొమైన్ కంప్యూటర్స్‌కి, అంటే కంపెనీ కంప్యూటర్లన్నిటికీ, పర్మిషన్ ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకు. పాస్‌వర్డ్ అవతలికి పంపకుండానే నీ పేరుతో వెళ్ళనిచ్చే రిమోట్ క్రెడెన్షియల్ గార్డ్ వాడు, లేదంటే అవసరమైన ఆ ఒక్క సర్వర్‌కే కట్టుబడే కెర్బరోస్ డెలిగేషన్ పెట్టించు.

బుజ్జీ, ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తున్నాను. మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకు.

విండోస్ 2000 సర్వర్ రోజుల్లో కొత్త షేర్ పుడుతూనే ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్‌తో పుట్టేది. 2003 సర్వర్‌తో అది రీడ్‌కి తగ్గింది. ఎక్స్‌పీలో సింపుల్ ఫైల్ షేరింగ్ ఉంటే నెట్‌వర్క్ మీద వచ్చిన ప్రతివాడూ గెస్టే. అప్పటి యంత్రాలతో పెరిగిన తరం చేతికి ఒక అలవాటు అంటుకుంది: తెరుచుకోకపోతే ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్, ఆ తర్వాత చూద్దాం. ఆ తర్వాత ఎవరూ చూడరు. ఆ అలవాటు ఇవాళ్టికీ సలహాగా చేతులు మారుతూనే ఉంది.

అది ఎలా ముంచుతుందో దగ్గరగా చూపిస్తాను. డేటా అని ఒక పెద్ద ఫోల్డర్, దాని కింద విభాగానికొకటి. జీతాల ఫోల్డర్‌కి ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ హక్కులు కిందికి దిగడం) తెంపి, అకౌంట్స్‌వాళ్ళకి మాత్రమే హక్కు ఇచ్చి ఉంటారు. ఒకరికి ఎక్కడో లోపలి ఫోల్డర్ తెరుచుకోదు. అడ్మిన్ డేటా మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్ళి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇస్తాడు. అడుగున రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్ ఎంట్రీస్ అని మొదలయ్యే చిన్న పెట్టె ఉంటుంది. దానికి టిక్ పెట్టి అప్లై నొక్కుతాడు. ఆ క్షణం నుంచి కింద ఎవరెవరికో విడిగా రాసుకున్న హక్కులన్నీ చెరిగిపోతూ వస్తాయి. తెంపిన ఇన్‌హెరిటెన్స్ మళ్ళీ కలుస్తుంది. జీతాల ఫోల్డర్‌కీ డేటాకున్న పర్మిషన్లే వచ్చేస్తాయి. మధ్యలో తెలివొచ్చి క్యాన్సిల్ నొక్కితే అప్పటిదాకా మారింది మారినట్టే ఉంటుంది, సగం ఇలా సగం అలా. దీనికి అన్‌డూ లేదు. ఎర్రర్ కూడా రాదు. అడిగినవాళ్ళకి తెరుచుకుంటుంది, థాంక్స్ చెబుతారు. నెలల తర్వాత ఎవరో ఒకరు ఎవరి జీతమో చదివాక బయటపడుతుంది. అప్పటికి ఒకవేళ ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్) ఏదైనా ఒక మామూలు యూజర్ లాప్‌టాప్‌లోకి దూరితే, ఆ యూజర్ రాయగలిగిన ప్రతి ఫైలునూ అదీ రాయగలదు. ఎవ్రీవన్‌కి రాసే హక్కు ఇచ్చిన సర్వర్‌లో అది ఎంత దూరం వెళ్తుందో నువ్వే ఊహించు.

టేక్ఓన్ కమాండ్‌ని కింద ఫోల్డర్లన్నిటికీ వర్తించేలా కొట్టడం దీనికి తోబుట్టువు. ఓనర్ మారిపోతాడు, ఓనర్‌ని బట్టి లెక్కకట్టే డిస్క్ కోటాలు తారుమారవుతాయి, రోమింగ్ ప్రొఫైళ్ళు (ఏ కంప్యూటర్‌కెళ్ళినా వెంట వచ్చే యూజర్ సెట్టింగులు) మొరాయిస్తాయి.

ఇంకొకటి చాలా మెత్తగా జరుగుతుంది. సర్వర్‌లో అడ్మిన్‌గా ఉండి ఫోల్డర్ తెరిస్తే "మీకు అనుమతి లేదు, కంటిన్యూ నొక్కండి" అన్న అర్థంతో ఒక పెట్టె వస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది, కానీ నీ సొంత ఖాతా ఆ ఫోల్డర్ పర్మిషన్లలో శాశ్వతంగా చేరిపోతుంది. ఇలా ఏళ్ళ తరబడి నొక్కిన సర్వర్లలో, ఉద్యోగం మానేసి వెళ్ళినవాళ్ళ ఖాతాల అవశేషాలు పొడవాటి అంకెల వరసలుగా కనపడతాయి. కంటిన్యూ నొక్కకు. ఫైల్ సర్వర్ చూసుకునేవాళ్ళకని విడిగా ఒక గ్రూపు చేసి, దానికి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, నువ్వు అందులో చేరు. ఎక్స్‌ప్లోరర్ మామూలుగా నడిచేటప్పుడు యూఏసీ (అడ్మిన్ హక్కుల్ని అడిగి మాత్రమే ఇచ్చే విండోస్ కాపలా) అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు బలాన్ని పక్కన పెడుతుంది, ఈ గ్రూపు జోలికి రాదు.

పర్మిషన్ మార్చక తప్పని రోజు వస్తుంది, కాదనను. ఆ రోజు ముందు, పర్మిషన్లు చూపే, మార్చే ఐక్యాకిల్స్ కమాండ్‌తో డి:\డేటా మీద సేవ్, దాంతోపాటు టి (కింది ఫోల్డర్లు కూడా), సి (ఎర్రర్ వచ్చినా ఆగకుండా) స్విచ్‌లు ఇచ్చి ప్రస్తుత పర్మిషన్లు ఒక ఫైల్లోకి తీసుకో. తిరిగి పెట్టేటప్పుడు రిస్టోర్‌కి డి:\డేటా కాదు, దాని పైనున్న డి:\ ఇవ్వాలి. ఆ ఫైల్లో దారులు పై ఫోల్డర్ నుంచి మొదలవుతాయి, ఇక్కడే చాలామంది తడబడతారు. ఓనర్ వివరాలు, ఆడిట్ సెట్టింగులు అందులో ఉండవని గుర్తుంచుకో. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చి సేవ్ చేయకు. మార్పు పైన కాదు, సమస్య ఉన్న ఫోల్డర్ దగ్గరే, ఒక్క గ్రూపుకే చెయ్యి. ఒక్క ఫైలే తెరుచుకోకపోతే అది అదే డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ నుంచి కట్ చేసి తెచ్చిందేమో చూడు. మూవ్ చేసిన ఫైలు పాత హక్కులు మోసుకొస్తుంది, కాపీ చేసింది కొత్త ఫోల్డర్ హక్కులు తీసుకుంటుంది. ఆ ఒక్కదానికే ఇన్‌హెరిటెన్స్ మళ్ళీ పెట్టు.

విండోస్ 11 24హెచ్2కి మారినవాళ్ళకి నెట్‌వర్క్‌కి తగిలించిన పాత స్టోరేజ్ పెట్టెల షేర్లు ఉన్నట్టుండి తెరుచుకోకపోవచ్చు. అందులో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఎస్‌ఎంబీ సైనింగ్ (ఫైల్ షేరింగ్ సందేశాలకి సంతకం) తప్పనిసరి చేశారు, ప్రోలో గెస్ట్ లాగిన్ ఆపేశారు. కంప్యూటర్‌లో రక్షణ తగ్గించకుండా, ఆ పెట్టెలోనే సైనింగ్ ఆన్ చేయించి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టించు.

రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 గానీ 445 గానీ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచమని ఎంత పెద్దవాళ్ళు అడిగినా ఒప్పుకోకు. వీపీఎన్ లేదా రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే మీదుగానే రమ్మను. అందుకు మాట పడాల్సి వస్తే పడు, నీ వెనక నేనున్నాను.

సర్వర్ చేతికొచ్చిన మొదటి రోజే రెండు పనులు చెయ్యి తల్లీ. ఫైల్ షేర్ ఆడిటింగ్ ఆన్ చేస్తే 5140 ఈవెంట్లలో ఎవరు ఏ షేర్‌కి ఏ పేరుతో వచ్చారో పడుతుంది. లాగ్ సైజు పెంచు, లేకపోతే పాతవి చెరిగిపోతాయి. రెండోది, ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే ఆ ఐక్యాకిల్స్ సేవ్ ఫైలు తీసి, వేరే మెషీన్‌లో దాచు. తీశాక నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఆశీస్సులతో,
మావయ్య