క్యారెట్ ముక్కలతోని కెమిస్ట్రీ: ఎమ్మెస్సీ చదివే బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన. పాలమూరు యూనివర్సిటీల నీకు ప్రాజెక్టు కింద క్యారెట్‌తోని కీటోన్ రిడక్షన్ (అంటే కీటోన్‌కు హైడ్రోజన్ ఎక్కించి ఆల్కహాల్‌గ మార్చుడు) ఇచ్చిన్రని, దోస్తులు పెలాడియం, రుథీనియం అని ఖరీదైన లోహాల పెద్ద పెద్ద పేర్లు చెప్పుకుంటుంటే నువ్వు కూరగాయలు తరుగుతున్నవని నవ్వుతున్నరని రాసినవ్. నవ్వనియ్యి. నల్లగొండల ముప్పయ్యేండ్లు డిగ్రీ పిల్లలకు ఆర్గానిక్ చెప్పిన నాక్కూడ మొదట్ల నవ్వే వచ్చింది. తర్వాత ఇదే పనికి వాడే ఈస్ట్, రొట్టెలు పులియబెట్టేది, నన్ను మూడు సార్లు ఏడిపించింది.

ఎందుకు చేస్తున్నవో రెండు మాటలల్ల చెప్పగలగాలె, వైవాల మొదటి ప్రశ్న అదే. అసిటోఫినోన్ అనే కీటోన్‌కు సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే పూట గడవక ముందే పని అయిపోతది. కానీ వచ్చే ఆల్కహాల్, 1-ఫినైల్ ఇథనాల్‌ల, అద్దంల బొమ్మ లెక్క కుడిచెయ్యి రూపం సగం, ఎడమచెయ్యి రూపం సగం ఉంటది. బోరోహైడ్రైడ్‌కు కుడి, ఎడమ తెల్వదు. ఎంజైమ్‌కు తెలుసు. అది చెప్పు లెక్క, ఎడమకాలి దాంట్ల కుడికాలు ఇమడదు. క్యారెట్‌ల ఉన్న ఎంజైములు హైడ్రోజన్‌ను దాదాపు ఒక్క పక్క నుంచే అందిస్తయ్, అందుకే ఎస్ అని పిలిచే ఎడమ రూపమే ఎక్కువ వస్తది. ఏ పక్క నుంచి అనేది ప్రెలోగ్ అనే కెమిస్టు 1964ల చెప్పిన సూత్రంతోని ముందే ఊహించొచ్చు, చదువుకో. సూక్ష్మజీవులకు ఈ తేడా తెలుసన్న సంగతి ఇంకా పాతది. టార్టారిక్ ఆమ్లం ఉప్పుల బూజు పెరిగి, ఒక రూపాన్ని తిని రెండోదాన్ని వదిలేసుడు పాశ్చర్ 1858లోనే చూసిండు.

ఎంజైమ్ ఒక్కదాన్నే కొని వాడొచ్చు గదా అని అడుగుతరు. దానికి హైడ్రోజన్ మోసుకొచ్చే ఎన్‌ఏడీపీహెచ్ కావాలె, అది బంగారం ధర. ప్రతి అణువుకు ఒకటి ఖర్చయితది, మళ్ల తయారు చేసుకునే ఏర్పాటు లేకపోతే దివాలే. బతికున్న కణంల ఆ ఏర్పాటు ఎప్పటికీ నడుస్తనే ఉంటది. పాలు కొనుక్కునుడు వేరు, బర్రెను తెచ్చి కట్టేసుకునుడు వేరు. బర్రె ఉంటే పాలకు కొదవ లేదు, కానీ మేత వెయ్యాలె, పేడ ఎత్తాలె, ఒక్కోసారి తన్ను కూడ తినాలె. ఈస్ట్‌కు మేత చక్కెర. క్యారెట్ తనల దాచుకున్నదే తింటది. పేడ సంగతి తర్వాత చెప్త.

మనకు ఈ క్యారెట్ పద్ధతిని 2002ల హైదరాబాద్ ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ) నుంచి యాదవ్ గారి బృందం అచ్చేసింది. మన తార్నాక ల్యాబు పేపరు, అది ముందర పెట్టుకొనే మొదలుపెట్టు. లెక్క సులువే. వంద మిల్లీగ్రాముల కీటోన్‌కు పది గ్రాముల క్యారెట్, డెబ్బయి మిల్లీలీటర్ల నీళ్లు, గది వేడిల షేకర్ మీద సుమారు రెండు రోజులు. కీటోన్ ఎక్కువ వేస్తే తొందరగా అయితదని ఆశపడకు. అది ఆ కణాలకు విషం లెక్క పని చేస్తది. ఈస్ట్‌తోనైతే ఇంకో చిక్కుంది. ఒక్క కణంల ఎన్నో రకాల రిడక్టేజులు, అంటే ఈ రిడక్షన్ చేసే ఎంజైములు, ఉంటయ్, అందులో కొన్ని ఎడమ, కొన్ని కుడి. కీటోన్ తక్కువున్నప్పుడు దాన్ని గట్టిగ పట్టుకునేదే పని చేస్తది. కుప్ప పోస్తే సోమరివి కూడ లేచి చెయ్యి పెడ్తయ్, నీ ఈఈ (ఒక రూపం రెండోదాని కంటే ఎంత శాతం ఎక్కువుందో చెప్పే లెక్క) పడిపోతది.

క్యారెట్లు రైతుబజారుల ఒక్కసారే కొను, మొత్తం ప్రయోగానికి ఒక్క లాటే. ఏ రోజు కొన్నవో నోటుబుక్కుల రాసుకో. వాడిపోయినవి వద్దు. మంచిగ కడిగి, తొక్క తీసి, స్పిరిట్‌తోని తుడిచిన కత్తితోని సన్నగ చక్రాలు కొయ్యి. తురమకు. తురిమితే వడకట్టేటప్పుడు గుజ్జంత దిగి నీ ప్రాణం తీస్తది. ఇంట్ల మిక్సీ తీసుకపోకు, తీసుకపోతే మళ్ల ఇంటికి తేకు. నీళ్లు డిస్టిల్డ్‌వే వాడు. మన దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటదని నీకు నేను చెప్పాల్నా? చక్కెరను విరగ్గొట్టే దారిల ఎనొలేజ్ అనే ఎంజైమ్ ఉంటది, దాన్ని ఆపాలంటే బయోకెమిస్ట్రీవాళ్లు వేసేది ఫ్లోరైడే. బోరుల ఉండేంత కొంచెం దానికి సరిపోదేమో, కానీ అనుమానపు నీళ్లతోని ఎందుకు మొదలుపెట్టుడు?

ఇప్పుడు అసలు మాట. నువ్వు పంపిన ప్లాన్‌ల ఒక్కటే ఫ్లాస్కు ఉంది. ఒక్క ఫ్లాస్కుతోని ఏదీ తేలదు. నాలుగు పెట్టు. ఒకటి అసలుది. రెండోది క్యారెట్, నీళ్లు, కీటోన్ లేదు. క్యారెట్‌ల దాని సొంత నూనెలు ఉంటయ్, టీఎల్‌సీ ప్లేటు (సరుకులను మచ్చలుగ విడదీసి చూపేది) మీద అవి కూడ మచ్చలు పడ్తయ్, నువ్వు వాటిని చూసి నా ఆల్కహాల్ అని సంబురపడ్తవ్. మూడోది కీటోన్, నీళ్లు, క్యారెట్ లేదు. రెండు రోజులల్ల ఎంత ఆవిరైందో తెలుస్తది, లేకపోతే ఆ పోయిందంత మారిందని రాస్తవ్. నాలుగోది బాగ ఉడకబెట్టి సల్లార్చిన క్యారెట్, కీటోన్‌తోని. ఎంజైమ్ చచ్చినంక కూడ ఆల్కహాల్ వస్తే నీ కథ అంత తప్పు.

ఇదంత చేతికి అలవాటు కావాలంటే ముందు ఉలవలతోని ఆడుకో. మన పాలమూరు ఉలవలే. నానబెట్టి నూరి, వడకట్టిన నీళ్లను యూరియా ద్రావణంల పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వెయ్యి. కాసేపటికి గులాబీ రంగు ఎక్కుతది. ఉలవలల్ల ఉన్న యూరియేజ్ యూరియాను అమోనియాగ మారుస్తున్నది. అదే నీళ్లను మరిగించి పోస్తే రంగు రాదు. సమ్నర్ 1926ల ఒక రకం చిక్కుడు గింజ నుంచి ఈ యూరియేజ్‌నే స్ఫటికాలుగ తీసి, ఎంజైమ్ ప్రోటీనే అని చూపిండు. మరిగించినది, మరిగించనిది పక్కపక్కన పెట్టి చూసినంక కంట్రోల్ ఎందుకని ఇంకెవ్వరినీ అడగవ్.

ఇంకో అనుమానం కూడ పెట్టుకో. రెండో రోజు ఫ్లాస్కు పులిసిన వాసన కొడ్తే, పని చేస్తున్నది క్యారెట్టా, దాని మీద పెరిగిన బాక్టీరియానా? అట్లాంటి ఫ్లాస్కు పారబొయ్యి. మంచి ఫలితం వచ్చినా పారబొయ్యి.

నా ఏడుపు కథలు కూడ విను, నీకు పనికొస్తయ్. ఇంకో కీటోన్, ఇథైల్ అసిటోఅసిటేట్‌ను ఈస్ట్‌తోని రిడ్యూస్ చేద్దామని మే నెలల మొదలుపెట్టిన. ఈస్ట్‌కు హాయి ముప్పయి డిగ్రీల దగ్గర. మా ల్యాబు ఫ్యాను కింద కూడ నలభై దాటింది. రెండో పూటకే బుడగలు ఆగినయ్. మళ్ల డిసెంబరుల చేసిన. ఈసారి పాత ప్యాకెట్టు, అది ఎప్పుడో చచ్చింది. అందుకే చెప్తున్న, గోరువెచ్చని చక్కెర నీళ్లల్ల కొంచెం వేసి పావుగంట చూడు, నురుగు రాకపోతే వాడకు. మూడోసారి నురుగు మస్తు వచ్చింది, నేను బిరడా గట్టిగ బిగించి ఇంటికి పోయిన. పొద్దున వచ్చేసరికి బిరడా అల్మారా మీద, ఈస్ట్ గోడ మీద. కార్బన్ డయాక్సైడ్ పోవడానికి దారి వదలాలె, దూది పెట్టినా చాలు.

ప్యాకెట్టు ఎందుకు, మన తాటి కల్లుల ఈస్టే గదా అని మీ తాత నన్ను ఎక్కిరించేటోడు. ఈస్టే, కానీ కల్లు ముంత అంటే జాతర. ఎన్ని జాతుల ఈస్టులో, ఎన్ని బాక్టీరియాలో. ఎవరు ఏం చేసిన్రో ఎట్ల చెప్తవ్?

పేడ సంగతి అన్న గదా, అది ఎక్స్‌ట్రాక్షన్, అంటే సరుకును నీళ్లల్ల నుంచి బయటికి తీసుడు. ముందు గుడ్డల, తర్వాత సీలైట్ పొడి మీద వడకట్టు. ముక్కలను మళ్ల నీళ్లతోని కడుగు, సరుకు వాటిల్ల దాక్కుంటది. నీళ్లల్ల ఉప్పు బాగ కలిపినంకనే ఇథైల్ అసిటేట్ పొయ్యి. సెపరేటింగ్ ఫన్నెల్‌ను చల్ల చిలికినట్టు చిలుకకు, మెల్లగ తిప్పు. ప్రోటీన్లు, చక్కెరలు కలిసి ఎమల్షన్ పట్టిందంటే రెండు పొరలు విడిపోవు. నేనొకసారి మూడు రోజులు దాని ముందర కూసున్న. పట్టితే ఇంకింత ఉప్పేసి రాత్రంత వదిలెయ్యి, లేకపోతే మళ్ల సీలైట్ మీద దించు. దగ్గర్ల మంట ఉండొద్దని ఎమ్మెస్సీ పిల్లకు చెప్పాల్నా, అయినా చెప్తున్న.

కొలిచేటప్పుడు మొదలు బోరోహైడ్రైడ్‌తోని సగం సగం మిశ్రమం నువ్వే తయారు చేసుకో. నిన్ను నవ్విన దోస్తుల దగ్గర్నే అడుగు. కైరల్ హెచ్‌పీఎల్‌సీల (కుడి, ఎడమ రూపాలను విడదీసే యంత్రంల) ఆ మిశ్రమం రెండు శిఖరాలుగ విడిపోయినంకనే నీ శాంపిల్ ఎక్కించు. రెండు శిఖరాలు విడిపోని కాలమ్ మీద ఎవరి సరుకైనా నూటికి నూరు స్వచ్ఛంగనే కనపడ్తది. సరుకు వెలుగును ఎటు తిప్పుతదో కొలిచే పోలరీమీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకు. ఎస్ రూపానికి గుర్తు మైనస్, అది చూస్కో. కానీ మిగిలిన కీటోన్ కలిసి ఉంటే అంకె తగ్గుతది, క్యారెట్ నూనెలు కలిస్తే అటో ఇటో జరుగుతది. ఎన్ఎంఆర్ గ్రాఫుల అయితే 2.6 పీపీఎం దగ్గరున్న కీటోన్ మిథైల్ గీత పోయి 1.5 దగ్గర డబ్లెట్ (జంట గీత), 4.9 దగ్గర క్వార్టెట్ (నాలుగు గీతలు) రావాలె. 92 శాతం ఈఈ అంటే 96కు 4 అని అర్థం, 92కు 8 కాదు. వైవాల ఇక్కడ్నే చానామంది తడబడ్తరు.

ఒక్క మాట మీ గైడుకు నచ్చకపోవచ్చు. రిపోర్టుల ‘గ్రీన్’ అని పది సార్లు రాయకు. లెక్క వేసి చూడు. కిలో కీటోన్‌కు క్వింటాల్ క్యారెట్, ఏడు వందల లీటర్ల నీళ్లు. వంద మిల్లీగ్రాముల సరుకును బయటికి తియ్యడానికి వందల మిల్లీలీటర్ల ఇథైల్ అసిటేట్. చౌటుప్పల్‌లనో, జడ్చర్ల పక్కన పోలేపల్లిలనో రేపు మందుల కంపెనీ ఇంటర్వ్యూకు పోతే ఇదే అడుగుతరు. అందుకే కంపెనీలు కావల్సిన ఎంజైమ్ జీన్‌ను బాక్టీరియాల పెట్టి, ఎంజైమ్‌నే మార్చి మార్చి బాగు చేసుకుంటయ్. షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌కు రోడియం లోహంతోని, ఎక్కువ ఒత్తిడిల హైడ్రోజన్‌తోని చేసే మెట్టును అట్ల మార్చిన ట్రాన్సమినేజ్ అనే ఎంజైమ్‌తోని తీసేసినట్టు 2010ల పేపరు వచ్చింది. ఎంజైములను అట్ల దిద్దే పద్ధతికే ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్‌కు 2018ల నోబెల్ వచ్చింది. క్యారెట్‌తోని నువ్వు నేర్చేది ఆ పనికి అక్షరాభ్యాసం, అట్లనే రాయి.

రాత్రి కరెంటు పోతే షేకర్ ఆగుతది, మళ్ల వచ్చినప్పుడు తనంతట తను తిరుగుతదో లేదో ముందే చూసుకో. ఆగిన గంటలు నోటుబుక్కుల రాయి. మొదటిసారి చేసినంక నాకు టీఎల్‌సీ ఫోటో పంపు, కానీ ఉడకబెట్టిన క్యారెట్ ప్లేటుదే ముందు పంపు. అసలుది తర్వాత చూస్త.

నీ పెద్దమ్మ